అడ్వాన్సు కట్టేముందు ఊరి బడి గడప తొక్కండి

వేసవి వచ్చిందంటే తిరుపతి, చిత్తూరు వీధుల్లో ప్రైవేటు స్కూళ్ల కరపత్రాలు వాలిపోతాయి. పాఠాలు చెప్పాల్సిన టీచర్లే ఎర్రటి ఎండలో ఇల్లిల్లూ తిరుగుతారు. ‘ఈ వారంలో అడ్వాన్సు కడితే రాయితీ, ఆలస్యమైతే సీటుండదు’ అంటారు. ఆ తొందరలోనే మోసపోతాం. అమ్మానాన్నలారా, డబ్బు చేయి దాటకముందే నాలుగు సంగతులు చూసుకోండి.

మొదటిది గుర్తింపు. గుర్తింపు లేని బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాతా నడుపుతూనే ఉంటే రోజుకు 10,000 దాకా అదనం అని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. జరిమానా కట్టేది యాజమాన్యమే అయినా నష్టపోయేది మన బిడ్డ. గుర్తింపు ఏ తరగతి వరకు ఉంది, ఏ చిరునామాకు ఉంది, యూడైస్ కోడ్ ఎంత అని అడగండి. చూపించడానికి నసిగితే నేరుగా మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసుకు వెళ్లండి.

రెండోది ఫీజు. కార్పొరేషన్ పరిధిలో ప్రాథమిక తరగతులకు 12,000, హైస్కూలుకు 18,000 మించకూడదని 2021 ఆగస్టులో ప్రభుత్వం జీవో 53 ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ జీవో ఇంకా కాపాడుతుందని నమ్ముకోవద్దు. ట్యూషన్ ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం, పరీక్షలు అన్నీ కలిపి ఏడాదికి ఎంతో కాగితం మీద రాయించుకోండి. డొనేషన్ అడగడం, సీటు కోసం పిల్లలకు పరీక్ష పెట్టడం చట్టవిరుద్ధం.

మూడోది మన హక్కు. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం బలహీన వర్గాల, వెనుకబడిన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. గడువు దాటకముందే దరఖాస్తు చేయండి. ఫీజు బాకీ ఉందని పాత స్కూలు టీసీ ఆపినా భయపడొద్దు. ఎనిమిదో తరగతి వరకు పిల్లలను టీసీ ఆలస్యమైందన్న సాకుతో ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండకూడదు.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది, మనకు అంతగా పట్టనిది. ప్రైవేటు స్కూలు వ్యాను వచ్చి పిల్లలను ఎక్కించుకుపోయిన ప్రతిసారీ ఊరి బడి హాజరుపట్టీలో పేర్లు తగ్గుతాయి. పేర్లను బట్టే టీచరు పోస్టులు. అయిదు తరగతులకు ఒక్క అయ్యవారు మిగిలితే ఉన్న నలుగురు పిల్లలూ వ్యాను ఎక్కుతారు, బడికి తాళం పడుతుంది. ఆ మర్నాటి నుంచి వ్యాను ఛార్జీ, స్కూలు ఫీజు వాళ్లు చెప్పిందే ధర. ఊళ్లో సర్కారు బడి బతికి ఉండటమే ప్రైవేటు ఫీజుకు ఉన్న అసలు కళ్లెం.

మన తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న మారిషస్‌ను చూడండి. అక్కడ 1977లోనే హైస్కూలు చదువు ఉచితమైంది. చాలా ప్రైవేటు హైస్కూళ్లకు ప్రభుత్వమే గ్రాంటు ఇస్తుంది. సర్కారు ప్రాథమిక బడుల్లో తెలుగూ నేర్పుతారు. అయినా పేరున్న హైస్కూళ్లలో సీటు కోసం పోటీ ఆగలేదు, ప్రైవేటు ట్యూషన్లకు డబ్బు పోస్తూనే ఉన్నారు. ఫీజు ఎత్తేస్తే చాలదు, ఇంటి పక్క బడి మీద నమ్మకం కుదరాలి. ద్వీపం నేర్పిన పాఠం ఇదే.

ఆ నమ్మకం నిలబెట్టాల్సింది ప్రభుత్వమే. టీచర్లు లేని బడికి బిడ్డను పంపమంటే ఏ తల్లీ వినదు. జూన్‌లో గంట మోగేలోగా ఏకోపాధ్యాయ బడులకు రెండో టీచరును ఇవ్వాలి. గుర్తింపు ఉన్న బడుల జాబితాను ప్రతి సచివాలయం గోడకూ అంటించాలి. ప్రభుత్వ బడి పిల్లలకు ఇచ్చే కిట్టు మీద సర్వేపల్లి రాధాకృష్ణన్ పేరుంది. ఆయన చిన్నప్పుడు తిరుపతిలోని మిషన్ బడిలో చదువుకున్నారు. ఆ పేరుకు తగిన బడి కూడా ఇవ్వాలి.

‘తల్లికి వందనం’ పథకం డబ్బు పిల్లలు ప్రభుత్వ బడిలో చదివినా వస్తుంది. కాబట్టి ఈ వారం ఎవరికీ అడ్వాన్సు కట్టకండి. ముందు ఊరి బడికి వెళ్లండి. టీచర్లు ఎంతమందో లెక్కపెట్టండి, రెండో తరగతి పిల్లాడితో ఒక పేజీ చదివించండి, మరుగుదొడ్డి తలుపు తీసి చూడండి. బాగుంటే అక్కడే చేర్పించండి. బాగోలేకపోతే పక్కింటివాళ్లను, ఎదురింటివాళ్లను వెంటబెట్టుకుని ఎంఈవో ఆఫీసుకు నడవండి. వ్యాను వచ్చే ఏడాది కూడా వస్తుంది. తాళం పడిన బడి తిరిగి తెరుచుకుంటుందన్న భరోసా మాత్రం ఎవరూ ఇవ్వలేరు.