స్టేషన్లో మన పిల్ల ఎక్కడ కూర్చుంటోంది? (పల్నాడు రాతలు – 11)

పోయిన భాగం చదివి నరసరావుపేటలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పోలీసుల్లో ఆడవాళ్ళు పెరగాలని రాశావు. లాఠీ ఎవరి చేతిలో ఉంటే ఏంటి, తగిలేది మన వీపుకే గదా" అన్నాడు. కొట్టిపారేసే మాట కాదిది. ఫోన్లో తేలేదీ కాదు. అందుకని ఈ భాగం మొత్తం దాని మీదే. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ముందు ఆ లాఠీ పట్టుకోవాలని ఆశపడే పిల్లల్ని చూడు తమ్ముడూ. తెల్లారుజామున ఐదింటికి సాగర్ కుడి కాలవ కట్ట మీద పరిగెత్తేవాళ్ళలో మన పల్లెల ఆడపిల్లలు ఎంతమందో. తల్లులు మిరపకోతలకి ఆటో ఎక్కే వేళకి వీళ్ళు బూట్లు విప్పుతుంటారు. ఎత్తు 152.5 సెంటీమీటర్లు ఉండాలి, బరువు 40 కిలోలకు తగ్గకూడదు, 1600 మీటర్లు టైములో కొట్టాలి. ఇవి ఉంటే చాలు, సిఫారసు అక్కర్లేదు, పెట్టుబడి అక్కర్లేదు. సివిల్ కానిస్టేబుల్ పోస్టుల్లో మూడో వంతు ఆడవాళ్ళవి, అందులో ఎస్సీ వాటా ఉంది. బ్యాంకు ఉద్యోగానికి హైదరాబాదు కోచింగ్ ఫీజు కట్టలేని ఇంటికి తెరుచుకుని కనిపించే తలుపు ఇదొక్కటే.

ఆ తలుపైనా సాఫీగా తెరుచుకోదు. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అందులో ఏపీఎస్పీ పోస్టులు 2,520 మగవాళ్ళకే. ప్రిలిమ్స్ 2023 జనవరిలో అయితే తుది పరీక్ష 2025 జూన్‌లో జరిగింది. ఈ రెండున్నరేళ్ళూ వచ్చిన సంబంధాన్నల్లా వెనక్కి పంపి, చుట్టాల చేత మాటలు పడి, కట్ట మీద పరిగెత్తిన పిల్లలు నాకు తెలుసు. వాళ్ళ ముందు నిలబడి "మీరు రాజ్యం చేతిలో పనిముట్లు" అని ఉపన్యాసం ఇవ్వడానికి నాకు నోరు రాదు.

అయితే రాజ్యం వాళ్ళని ఎందుకు పిలిచిందో తెలుసుకోవాలి. ఆడవాళ్ళు పోలీసులోకి సమానత్వం పేరుతో రాలేదు. 1930ల్లో తిరువాన్కూరు సంస్థానం కొద్దిమందిని తీసుకుంది. ఆ దశాబ్దం చివర్లో కాన్పూరు మిల్లు కార్మికుల సమ్మెలో ఆడవాళ్ళు ముందుకొస్తే, వాళ్ళని పక్కకి లాగడానికి ఆడ చేతులు కావలసి వచ్చాయి. దేశ విభజన తర్వాత ఢిల్లీలో కాందిశీక స్త్రీలతో వ్యవహరించడానికి కావలసి వచ్చాయి. అంటే, ఆడదాన్ని ముట్టుకోవడానికి మరో ఆడది. మొదటి డ్యూటీ అదే. నన్నడిగితే ఇప్పటికీ చాలా స్టేషన్లలో అదే డ్యూటీ.

రెండో కారణం మన తెలుగు నేల మీద నెత్తురుతో రాసింది. 1978లో హైదరాబాదు నల్లకుంట స్టేషన్లో రమీజాబీ మీద పోలీసులే అత్యాచారం చేశారు, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్‌ని కొట్టి చంపారు. జనం తిరగబడ్డారు, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు రాయచూరు కోర్టుకి పోయింది, అక్కడ నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. మహారాష్ట్రలో ఆదివాసీ పిల్ల మథుర కేసు, ఇక్కడ రమీజాబీ కేసు, వీటి మీద నడిచిన పోరాటాల వల్లే 1983లో అత్యాచార చట్టం మారింది. స్టేషన్లో ఆడ పోలీసు ఉండాలన్న మాటకు బలం వచ్చింది కూడా ఆ రోజుల నుంచే. ఒక పేద ముస్లిం స్త్రీ, ఒక ఆదివాసీ పిల్ల పెట్టిన భిక్ష ఇది. మహిళా దినోత్సవం నాడు స్టేషన్లో కేకు కోసేవాళ్ళు వీళ్ళ పేర్లు ఎత్తగా నేను వినలేదు.

ఇప్పుడు చట్టంలో అడుగడుగునా ఆడ పోలీసు కావాలి. పొద్దుగూకాక ఆడమనిషిని అరెస్టు చేయాలంటే ఆమె ఉండాలి. ఒంటి మీద తనిఖీ చేయాలంటే ఉండాలి. 2013 సవరణ తర్వాత లైంగిక నేరం మీద బాధితురాలి ఫిర్యాదుని మహిళా అధికారే రాసుకోవాలి. ప్రతి ఠాణాలో కనీసం ముగ్గురు మహిళా ఎస్సైలు, పదిమంది మహిళా కానిస్టేబుళ్ళు ఉండాలని కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు రాస్తూనే ఉంది. మన మండల స్టేషన్లలో ఆ ముగ్గురు ఎస్సైలు ఎక్కడున్నారో మీరే పోయి చూడండి.

పైన కుర్చీల సంగతికొస్తే మన రాష్ట్రం వింత. 2009లో సబితా ఇంద్రారెడ్డి ఉమ్మడి రాష్ట్రానికి హోం మంత్రి అయ్యారు. 2019 నుంచి చూడండి: మేకతోటి సుచరిత, తానేటి వనిత, ఇప్పుడు వంగలపూడి అనిత. రెండు వేరువేరు ప్రభుత్వాలు, వరసగా ముగ్గురు దళిత స్త్రీలు. సుచరిత గారు మా పాత గుంటూరు జిల్లా మనిషే. సంతోషించాం, ఎందుకు సంతోషించం? కానీ పల్నాటి వాళ్ళం గదా, కన్నమదాసు కథ పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. బ్రహ్మనాయుడు మాల కన్నమదాసుని సేనానిని చేశాడు, చాపకూడు పెట్టాడు. కారంపూడిలో ఏటా వీరుల తిరునాళ్ళ జరుగుతుంది. కన్నమదాసు పల్లె మాత్రం ఊరి బయటే ఉంది. ఇక నాయకురాలు నాగమ్మ. ఎనిమిది వందల ఏళ్ళు దాటినా యుద్ధం పాపమంతా ఆమె నెత్తినే. యుద్ధం చేసింది రెండు వైపుల మగవాళ్ళు, చెడ్డపేరు ఆడదానికి.

2024 మే 13 పోలింగ్ నాడు మాచర్ల, గురజాల, నరసరావుపేట ఎట్లా తగలబడ్డాయో దేశమంతా చూసింది. ఎన్నికల సంఘం మా ఎస్పీని సస్పెండ్ చేసి మలికా గర్గ్ అనే ఐపీఎస్ అధికారిణిని పంపింది. నాటు బాంబుల ఊళ్ళ మధ్య ఒక ఆడమనిషి ఎస్పీగా నిలబడి జూన్‌లో కౌంటింగ్ దాటించింది. ప్రభుత్వం మారాక జూలై బదిలీల్లో వెళ్ళిపోయింది. ఇది చెప్పడం ఎందుకంటే, "పల్నాడులో ఆడ పోలీసుని ఎవడు లెక్కచేస్తాడు" అనే మాట అబద్ధమని తెలియాలి. భుజం మీద ఐపీఎస్ ఉంటే లెక్కచేస్తారు. పల్లె నుంచి వచ్చిన పిల్ల భుజం మీద రెండు చుక్కలున్నా చెయ్యరు. అది కూడా చూశాం. 2019 సెప్టెంబరు 11, ఛలో ఆత్మకూరు. దుర్గి మండలం ఆత్మకూరు నుంచి ఊరొదిలిన కుటుంబాల కోసం తెలుగుదేశం పిలుపిచ్చింది, పోలీసులు 144 పెట్టి నాయకుల్ని ఇళ్ళలో ఆపారు. ఆ బందోబస్తులో ఉన్న ఒక దళిత మహిళా ఎస్సై, ఒక నాయకురాలు తనను కులం పేరుతో అవమానించారని ఫిర్యాదు చేసింది. కేసయింది. నేనలా అనలేదని ఆ నాయకురాలు చెప్పారు. ఎవరి మాట నిజమో తేల్చాల్సింది కోర్టు. నాకు బాధేంటంటే, అధికార పార్టీ ఆ పిల్లని నాలుగు రోజులు జెండాలా ఊపింది, ప్రతిపక్షం నాటకమంది. ఆ గొడవ చల్లారాక ఆమె ఎట్లా ఉందని అడిగిన సంఘం ఒక్కటీ నాకు కనపడలేదు, మన సంఘాలతో కలిపి.

అంగన్‌వాడీ సమ్మె గుర్తుందిగా. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు నడిచింది, మధ్యలో ఎస్మా పెట్టారు. టీచర్లని, ఆయాల్ని వ్యాన్లెక్కించింది ఎవరు? కానిస్టేబుల్ పిల్లలే. వాళ్ళలో ఒకామె తర్వాత నాతో అంది: "మా పిన్ని కూడా ఆయానే అక్కా. ఆ రోజు ఎదురుపడకూడదని మొక్కుకున్నా." తమ్ముడూ, నీ మాట ఇక్కడ నిజం. కాన్పూరు సమ్మె నాటి డ్యూటీ ఇదే. ముందు వరసలో ఆడవాళ్ళుంటే ముందు వరసలోకి ఆడ పోలీసుని తోస్తారు, ఇద్దరూ జుట్లు పట్టుకుంటే వీడియో తీసేవాడికి పండగ. ఆర్డరు వేసినాయన ఆ వీడియోలో ఉండడు.

కానీ ఇంకో సంగతి చెప్పాలి. స్టేషన్ పేరు చెప్పను, ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. ఒక తల్లిని, కూతుర్ని తీసుకుని ఫిర్యాదుకి పోయాం. బోరింగు దగ్గర తిట్టి కొట్టిన కేసు. రైటర్ చకచకా రాసేశాడు, సంతకం పెట్టమన్నాడు. పక్కన నిలబడ్డ లేడీ కానిస్టేబుల్ మంచినీళ్ళ గ్లాసు ఇస్తూ మెల్లగా, "కులం మాట కాగితంలో పడలేదక్కా. చదివించుకుని పెట్టండి" అంది. అంతే, మళ్ళీ గోడకి ఆనుకుంది. చదివించాం. నిజంగానే లేదు. "వాగ్వాదం" అని రాశాడు మహానుభావుడు. గంటసేపు కూర్చుని తిరగరాయించాం. ఆ ఒక్క మాట లేకపోతే అది అట్రాసిటీ కేసు కాదు, డీఎస్పీ స్థాయి దర్యాప్తు ఉండదు, పరిహారం ఉండదు. ఫిర్యాదు చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలని ఎస్సీ ఎస్టీ చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది, కావాలని చెయ్యకపోతే శిక్ష కూడా ఉంది. ఆ సెక్షన్ ఆ పిల్లకి తెలుసు. చట్టం తెలిసిన మనిషి గోడ పక్కన, తెలిసీ దాటేసే మనిషి కుర్చీలో. నా గొడవంతా దీని గురించే.

నూటికి ఎంతమంది అనే లెక్కతో నాకు తృప్తి లేదు. దేశంలో పోలీసుల్లో ఆడవాళ్ళు నూటికి పన్నెండు మందికి అటూ ఇటూగా ఉంటే, మన రాష్ట్రం అంతకంటే నయం. కానీ ఆ పిల్లలు రిసెప్షన్‌లో ఉన్నారా, కోర్టు డ్యూటీలో ఉన్నారా, కోటప్పకొండ తిరునాళ్ళలో మరుగుదొడ్డి దొరక్క మంచినీళ్ళు మానేసి రాత్రంతా నిలబడ్డారా, లేక దర్యాప్తు ఫైలు పట్టుకున్నారా? 1977లో వేసిన జాతీయ పోలీసు కమిషనే ఆడవాళ్ళకి దర్యాప్తు పని ఇవ్వాలంది. అది జరక్కుండా పేర్లు మాత్రం మారుతున్నాయి. 2019లో సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులు అన్నారు, 2021 జూన్‌లో జీవో 59 ఇచ్చి మహిళా పోలీసులన్నారు, అది హైకోర్టుకెక్కింది. పేరులో పోలీసు ఉంది, కేసు దర్యాప్తు చేసే అధికారం లేదు. ఊళ్ళో ఆ పిల్లలకి పెద్దకులాల ఇళ్ళలో ఎట్లాంటి మర్యాద దొరుకుతుందో వేరే భాగం రాయాలి.

కాబట్టి తమ్ముడూ, లాఠీ ఎవరి చేతిలో ఉందన్నది నీ ప్రశ్న. కలం ఎవరి చేతిలో ఉందన్నది నాది. కోపం వద్దని అనను. వ్యాన్ దగ్గర మనల్ని ఈడ్చినప్పుడు గట్టిగానే అడుగుదాం. అడిగేది మాత్రం ఆర్డరు వేసినవాణ్ణి.

ఒక పని పెడుతున్నా. పరీక్షలు అయిపోయినవాళ్ళు ఎస్పీ ఆఫీసుకి సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. జిల్లాలో ఎన్ని స్టేషన్లకి మహిళ ఎస్‌హెచ్‌వోగా ఉంది, మహిళా ఎస్సైలలో, కానిస్టేబుళ్ళలో ఎస్సీలు ఎంతమంది, పోయిన ఏడాది వాళ్ళలో ఎంతమందికి దర్యాప్తు పని ఇచ్చారు, ఏ స్టేషన్లో ఆడవాళ్ళకి విడిగా మరుగుదొడ్డి ఉంది, ఈ నాలుగూ అడగండి. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. తెల్లరేషన్ కార్డు ఉన్నవాళ్ళకి ఆ పది కూడా అక్కర్లేదు, కార్డు జిరాక్స్ జతచెయ్యండి. మాచర్ల వైపు వాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి వెయ్యండి, ఒక్కరే వద్దు. జవాబులు నాకు పంపితే అన్నీ కలిపి ఇక్కడే పెడతాను. వచ్చే భాగం ఆడ హోంగార్డుల మీద.