అనంతనాగ్ మనవాడు కాడా?

2025 జనవరిలో పద్మ అవార్డులు ప్రకటించిన రాత్రి మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపు నిండా బాలయ్య ఫోటోలే. పద్మభూషణ్ వచ్చిందని కోలారు చిన్నాయన నుంచి హోసూరు అత్త దాకా అందరూ దండాలు పెట్టారు. సంతోషమే. అదే జాబితాలో అదే పద్మభూషణ్ అనంతనాగ్‌కీ వచ్చింది. ఆయన గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఆయన సినిమాలు చూసి చూసి డైలాగులు కంఠతా వచ్చిన ఇండ్లు మావి! "వాళ్ళ హీరో" కదా అని ఊరుకున్నారు కాబోలు. ఈ "మన", "వాళ్ళ" లెక్క మాకు ఒప్పుదల కావట్లేదు.

'గణేశన మదువె' (1990) సంగతే చూడండి. ఒక వఠారం, ఇంటి ఓనరుతో తగాదాలు. ఎదురుపడితే పోట్లాడే అమ్మాయీ, తాను చూడకుండానే ప్రేమిస్తున్న గాయనీ ఒకరేనని తెలియని బ్రహ్మచారి గణేశ. ఇంతకన్నా కన్నడ సినిమా ఉంటుందా అనిపిస్తుంది. కానీ ఫణి రామచంద్ర ఆ సినిమా తీసింది మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి తెలుగు నవల నుంచి. అంతకుముందు 'చందనద గొంబె' కాలంలో అనంతనాగ్ పక్కన జంటగా మెప్పించిన లక్ష్మి, నెల్లూరు వై.వి. రావు గారి కూతురు. కన్నడలో విడుదలైన మొదటి టాకీ 'సతీ సులోచన' (1934) డైరెక్టరూ ఆయనే. మరి ఏది మనది, ఏది వాళ్ళది?

అనంతనాగ్‌కి ఇంటిభాష కొంకణి. పేరు తెచ్చిన 'అంకుర్' (1974) కథ జరిగేది తెలంగాణ పల్లెలో. బెనెగల్ తీసిన తెలుగు సినిమా 'అనుగ్రహం' (1978)లోనూ ఉన్నాడు. ఇంట్లో ఒక భాష, అన్నం పెట్టింది ఇంకో భాష. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం అయిన మాకు ఆ బతుకు కొత్త కాదు.

గణేశ వేషం వేసేనాటికి ఆయనకి నలభై దాటాయి. తొడ కొట్టలేదు. మాట సగంలో ఆపి, మిగతాది కళ్ళతో చెప్పేవాడు, మనం నవ్వేవాళ్ళం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని కాబట్టి ఒకేదాన్ని పదిసార్లు చూసి ఎక్కడ తెగుతుందో వెతకడం మాకు అలవాటు. ఆ నవ్వు ఎక్కడా తెగదు.

'గోధి బణ్ణ సాధారణ మైకట్టు' (2016)లో కూడా అదే ఆగడం. పేరుకి అర్థం గోధుమ రంగు, సాధారణ శరీరం అని. తప్పిపోయినవాళ్ళ ప్రకటనల్లో రాసే మాటలు. అల్జీమర్స్ వచ్చిన వెంకోబరావు మాట సగంలో ఆగితే ఈసారి నవ్వు రాదు, మిగతా సగం ఆయనకే గుర్తులేదు. కామెడీలో నేర్చినదే ఇక్కడ గుండె పట్టుకుంటుంది. 'ముంగారు మళె'లో కర్నలు తండ్రి, 'కేజీఎఫ్' మొదటి భాగంలో కథ చెప్పే పెద్దమనిషి, అవీ బాగున్నాయి, కానీ ఇది వేరు. హీరోగా వెలిగిన మనిషి ఇంత నిదానంగా, వయసు దాచుకోకుండా ముసలివాడు కావడం మనం తెలుగులో ఎంతమందిలో చూశాం? గొడవ పడేవాళ్ళు పడండి, మా మాట ఇదే.

వెంకోబరావుని చూశాక మాకు ఇంకో దిగులు పట్టుకుంది. మాకు తెలుగు అక్షరాలు కన్నడ అక్షరాల మీదుగా వచ్చినవే. బస్సు బోర్డు, పేపర్లో హెడ్డింగు దాకా లాగుతాం, నవల అంటే చతికిలబడతాం. మా ఇంటివాళ్ళలో తెలుగు పుస్తకం గడగడా చదవగలిగేవాళ్ళు ఇద్దరే మిగిలారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. గణేశ పెళ్ళి కథ మన పిల్లలకి కన్నడంలోనే తెలుసు. అది తెలుగులో ఎట్లా పుట్టిందో ఎవరూ చదివి వినిపించలేదు.

ఈ పండక్కి అందరూ కలిసినప్పుడు 'గణేశన మదువె' పెడదాం. మరుసటి రోజు పొద్దున ఆ నవల పెద్దవాళ్ళ చేతికిచ్చి పైకి చదివిద్దాం. పుస్తకం ఎవరి అటకమీదైనా ఉంటే ముందే చెప్పండి, జిరాక్సు ఖర్చు మాది.