స్లో పెంచడం రిపేరు కాదు

సిగ్నల్ దగ్గర ఆగిన గ్యాస్ (సీఎన్‌జీ) కారు వణికితే చాలా షాపుల్లో మొదట చేసే పని ‘స్లో’, అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, పెంచడం. పాత బండైతే థ్రాటిల్ స్క్రూ తిప్పుతారు. కొత్తదైతే ల్యాప్‌టాప్ తగిలించి గ్యాస్ మోతాదు పెంచుతారు. నిమిషానికి 800 చుట్ల దగ్గర నిలవాల్సిన ఇంజిన్ 1200 దగ్గర తిరుగుతుంది, వణుకు అణుగుతుంది, ఓనరు డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. సూరత్‌లో ఉధనా వైపు గ్యాస్ కిట్ల పని చేసే మెకానిక్‌ని నేను. ఈ అలవాటు పోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి లింబాయత్ వచ్చాడు. నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు నడిపేంతగా ఇక్కడ మనవాళ్లు స్థిరపడ్డారు. ఆ మగ్గాల ఇళ్ల నుంచి నాలాంటి కొందరం వర్క్‌షాపుల్లోకి వచ్చాం. గ్యాస్ ఈ ఊరికి కొత్తేం కాదు. ఉత్తరాదికి వెళ్లే హెచ్‌బీజే పైపులైను పేరులో మొదటి అక్షరం సూరత్ పక్కనున్న హజీరాదే. అదే హజీరాలో 2005లో ఎల్‌ఎన్‌జీ టెర్మినల్ కూడా వచ్చింది. ఆటోలు, స్కూలు వ్యాన్లు, చీరల మూటలు మోసే బండ్లు ఇక్కడ గ్యాస్ మీదే బతుకుతాయి. హైదరాబాద్, విజయవాడలో కిట్టు పెట్టించుకున్నవాళ్లకు మా అనుభవం పనికొస్తుందనే రాస్తున్నాను.

ముందు కిట్టు పనితీరు చెప్పాలి. పెట్రోలు ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలో కారు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) లెక్కకడుతుంది. సీక్వెన్షియల్ కిట్టులోని గ్యాస్ ఈసీయూ ఆ లెక్కను మధ్యలో అందుకుని, తన పట్టిక ప్రకారం సవరించి గ్యాస్ ఇంజెక్టర్లకు పంపుతుంది. దానికి సొంత లెక్కంటూ లేదు. పెట్రోలు లెక్క తప్పితే గ్యాస్ లెక్కా తప్పుతుంది. పైగా కిలో పెట్రోలు కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి చాలు, గ్యాస్‌లో ఉండే మీథేన్ కిలోకు 17 కిలోలు దాటాలి. గ్యాస్ అంటుకోవడానికి స్పార్కు కూడా గట్టిగా కావాలి. అరిగిన ప్లగ్గు, నీరసపడ్డ కాయిల్ పెట్రోలు మీద ఎలాగో నెట్టుకొస్తాయి, గ్యాస్ మీద బయటపడతాయి. అందుకే ‘పెట్రోల్లో బాగానే ఉంది, చెడింది కిట్టే’ అనేది తొందరపాటు తీర్పు.

మొన్న వానాకాలంలో రింగ్‌రోడ్డు మార్కెట్లకు మూటలు వేసే సిరిసిల్ల తమ్ముడొకడు వ్యాన్ తెచ్చాడు. “అన్నా, సిగ్నల్ కాడ బండి ఊగుతున్నది. ఏసీ ఏస్తే బందే అయితున్నది” అన్నాడు. అప్పటికే ఒక షాపులో స్క్రూ తిప్పారు, ఇంకోచోట గ్యాస్ పెంచారు, మరోచోట గ్యాస్ ఇంజెక్టర్ల సెట్టే మార్చారు. “కిట్టు ముచ్చట తర్వాత, ముందు పెట్రోల్ మీద పెట్టు తమ్మీ” అన్నాను. పెట్రోలు మీదా స్లో నిలవలేదు, 700కీ 1100కీ మధ్య ఎక్కుతూ దిగుతూ ఉంది. స్కానర్ పెడితే, ఇంజిన్ వేడెక్కాక మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) ప్రెషర్ 30–35 కిలోపాస్కళ్లు ఉండాల్సిన చోట 45 చూపించింది. లెక్కలోకి రాని గాలి ఎక్కడినుంచో దూరుతోందన్నమాట. మేం దాన్ని దొంగగాలి అంటాం.

కిట్టు బిగించేటప్పుడు మానిఫోల్డ్ వాక్యూమ్ పైపును కోసి టీ-జాయింట్ వేస్తారు. ఆ రబ్బరు ఇంజిన్ వేడికి ఎండి, చీలి ఉంది. పైపును వేళ్లతో నొక్కిపట్టగానే స్లో కుదురుకుంది. జానెడు పైపు, రెండు క్లిప్పులు మార్చాం, తిప్పిన స్క్రూ వెనక్కి తెచ్చాం, గ్యాస్ పట్టిక మళ్లీ సరిచేశాం. ఆ ఇంజెక్టర్ల సెట్టు మాత్రం ఆ కుర్రాడి నెత్తిన పడ్డ అనవసరపు ఖర్చు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

నాజిళ్ల కోసం మానిఫోల్డ్‌కు రంధ్రాలు వేసిన చోటా దొంగగాలి దూరుతుంది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో దీనికి ఇంకో గుర్తుంది. స్లోలో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ ఇంధనానికి చేసే సవరణ) ప్లస్ 20 శాతం దగ్గరుండి, 2500 చుట్లకు రేస్ ఇవ్వగానే సున్నా వైపు దిగితే గాలిని అనుమానించాలి. రేస్ ఇచ్చేకొద్దీ ట్రిమ్ పెరుగుతూ పోతే ఇంధనం చాలడం లేదు.

పెట్రోల్లో నిలబడి, కొత్త ప్లగ్గులు వేశాక కూడా గ్యాస్‌లోనే వణికితే అప్పుడు కిట్టు వైపు చూడాలి. సిలిండర్లో 200 బార్ల ఒత్తిడితో ఉన్న గ్యాస్‌ను రెడ్యూసర్ రెండు బార్ల దరిదాపుకు దించుతుంది. అలా దిగేటప్పుడు గ్యాస్ చల్లబడుతుంది కాబట్టి రెడ్యూసర్ చుట్టూ ఇంజిన్ కూలెంట్ తిప్పుతారు. కూలెంట్ తగ్గితే రెడ్యూసర్ మంచుపట్టి స్లో పడిపోతుంది. ఇంజిన్ గొడవ కూలెంట్ డబ్బాలో ఉందంటే చాలామంది నమ్మరు! పంపుల కంప్రెసర్ల నుంచి గ్యాస్‌తో పాటు వచ్చే నూనె కూడా రెడ్యూసర్లో, ఇంజెక్టర్లలో జిగురుగా పేరుకుంటుంది. గ్యాస్ ఫిల్టర్ చవకైన వస్తువు, దాన్ని వేళకు మార్చాలి.

పెట్రోలు ఖర్చని ట్యాంకు ఎండబెట్టి, చల్లటి ఇంజిన్‌ను కూడా గ్యాస్ మీదే బలవంతంగా స్టార్ట్ చేసేవాళ్లకు ఒక మాట. రోజూ కొంతదూరం పెట్రోలు మీద నడపండి. లేకపోతే పెట్రోలు ఇంజెక్టర్లు మూసుకుపోతాయి, ట్యాంకులోని పంపు కాలిపోతుంది. ఆ తర్వాత కిట్టును సరిచూసుకోవడానికి మీ బండిలో ఆధారమే మిగలదు.

స్లో చెడితే సుఖం తగ్గడంతో ఆగదు. ఫ్లైఓవర్ ఎక్కుతూ జామ్‌లో ఇంజిన్ ఆగిపోతే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, రెండుమూడు తొక్కుళ్ల తర్వాత బ్రేకు పెడల్ రాయవుతుంది. గ్యాస్ ఎక్కువ పోయించి వణుకు దాస్తే సైలెన్సర్లోని కన్వర్టర్ దెబ్బతింటుంది. బీఎస్-4 కారుకు పొగ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదనే హద్దు పెట్టింది ఈ స్లోకే.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కిట్టు ఆర్‌సీలో ఎక్కాలి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు జరగాలి. ఇంజిన్‌కు అలాంటి కాగితం ఎందుకు ఉండకూడదు? కిట్టు బిగించిన రోజున రెండు ఇంధనాల మీదా స్లో ఎంత, ట్రిమ్ ఎంత, మానిఫోల్డ్ ప్రెషర్ ఎంత అని రాసి షాపు సంతకం పెట్టాలి. ఆర్‌సీలో కిట్టు ఎక్కించేటప్పుడు ఆ కాగితాన్ని తెలంగాణ, ఆంధ్ర రవాణా శాఖలు అడగాలి. తర్వాత ఏ మెకానిక్ చేతికి బండి వెళ్లినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఓనర్లను కూడా ఒకటి అడుగుతున్నాను. లోపం వెతకడానికి పట్టిన గంటకు డబ్బివ్వండి. పార్టు మారితేనే బిల్లు కడతామంటే, చీలిన పైపు కోసం వెతికే ఓపిక ఎవరికీ ఉండదు, ఇంజెక్టర్ల సెట్టే మారుతుంది. మా షాపులో చెకింగ్ బిల్లు వేరే రాస్తాం. స్కానర్ చూపిన అంకెలు ముందువీ తర్వాతవీ అందులో రాసి, విప్పిన సామాను ఓనరు చేతికే ఇస్తాం.