చీర చిటపటలు, నీళ్ళల్లో ప్లాస్టిక్కు

పాలిస్టర్ చీర మడత విప్పితే చిటపటమంటుంది చూడండి, అదే సూత్రంతో నీళ్ళల్లోని సన్నటి ప్లాస్టిక్ నలుసుల్ని పట్టచ్చట! రాపిడితో కరెంటు పుట్టించే నానోజనరేటర్‌ని 2012లో జార్జియా టెక్‌లో ఝాంగ్ లిన్ వాంగ్ బృందం తయారు చేసింది. బ్యాటరీ అక్కర్లేదు. వోల్టులు వందల్లో ఉంటాయి, కరెంటు మాత్రం మైక్రో ఆంపియర్లలోనే. ఆవేశమున్న నలుసులు ఆ వోల్టేజీకి ఎలక్ట్రోడ్ వైపు జరిగి అంటుకుంటాయి.

బానే ఉంది. మరి మరమగ్గాల మీద పాలిస్టర్ నేసే సిరిసిల్లలో పెడితే? అద్దకం నీళ్ళల్లో ఉప్పులెక్కువ, కరెంటు ఇట్టే పారిపోతుంది, వోల్టేజీ నిలబడదు. ల్యాబులో డెమో సూపరు, ప్రొడక్షన్‌లో క్రాషు... మనకి తెలీని కథా!

ఒక్క బట్టని ఒక్కసారి ఉతికితే 1900కి పైగా పోగులు రాలగలవని 2011లోనే లెక్క తేల్చారు. సిరిసిల్లలో నేసింది జగిత్యాలలోనో, కోరుట్లలోనో ఉతుకుతారు. కాబట్టి నా మాటేంటంటే, పోగుని పోగుగా ఉన్నప్పుడే పట్టాలి. అద్దకం యూనిట్ల మురుక్కాలవకి ముందు సన్న జాలీ పెట్టాలి. జాలీని దాటిపోయే, మైక్రాను కన్నా చిన్న నలుసుల కోసం తాగే నీళ్ళ దగ్గర ఈ పరికరం పెట్టాలి.

జాలీ ఖర్చు మాత్రం నేత కార్మికుడి కూలీలోంచి కొయ్యకూడదు. 2017లో బతుకమ్మ చీరలకి ఆర్డరిచ్చింది సర్కారే కదా, అలాంటి ఆర్డర్ల ధరలోనే అదీ కలిపితే పోలా?