ఫోను క్యాలెండరుకు ఇప్పచెట్టు తెలియదు

2023లో శ్రీరామనవమి మార్చి 30న వచ్చింది. భద్రాచలంలో కల్యాణం చూసి వచ్చిన ఉత్సాహంలో ఆ రోజును నా ఫోనులోని క్యాలెండరులో రాసుకుని, కింద “ప్రతి సంవత్సరం” అన్నచోట నొక్కాను. ఇక మరచిపోయే భయం లేదనుకున్నాను. 2024 మార్చి 30 తెల్లవారగానే ఫోను మోగింది: “ఈ రోజు శ్రీరామనవమి”. అప్పటికి ఇంకా ఉగాదే రాలేదు! ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 9న, నవమి 17న వచ్చాయి. మా ఇంట్లో ఆ పూటంతా నవ్వులే.

తప్పు ఫోనుది కాదు. అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు 29½ రోజులు. అలాంటి నెలలు పన్నెండు కలిస్తే 354 రోజులే. సూర్యుని లెక్కలో ఏడాదికి 365. అందుకే మన పండుగలు ఏటా 11 రోజుల చొప్పున ముందుకు జరిగి తొందరగా వచ్చేస్తాయి. 2022లో ఏప్రిల్ 10న వచ్చిన నవమి మరుసటి ఏడు మార్చి 30కి రావడం అందువల్లనే. ఇలాగే వదిలేస్తే కొన్నేళ్ళకు నవమి చలికాలంలో పడుతుంది కదా! అందుకని రెండు మూడేళ్ళకొకసారి ఒక అధిక మాసాన్ని కలుపుతారు. 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. ఫోనులోని “ప్రతి సంవత్సరం”కు ఈ సంగతి తెలియదు. పుట్టినరోజుకు అది చక్కగా పనికివస్తుంది. నవమికి పనికిరాదు.

సెలవుల పట్టికను ఫోను తనంత తానే తెచ్చి పెడుతుంది. అందులో నవమి సరిగానే ఉంటుంది. కాని కోయ గూడేల్లో చేసుకునే కొత్తల పండుగ అందులో ఉండదు. ఉండలేదు కూడా. ఆ రోజును ఏ ఊరికాఊరు పెద్దలు కూర్చుని నిర్ణయిస్తారు. దాన్ని మీరు రాయవలసిందే.

ఇంతకీ నేను చెప్పదలచినది వేరు. మనమంతా ఈ క్యాలెండరును రేపటి కోసమే వాడుతున్నాం. పరీక్ష ఎప్పుడు, ఫీజు గడువు ఎప్పుడు అని. రోజు గడిచిందంటే ఆ గడివైపు మళ్ళీ చూడం. నా అభిప్రాయంలో ఈ పరికరం అసలు ఉపయోగం రోజు గడిచిన తరువాతే మొదలవుతుంది.

గోడ క్యాలెండరునే చూడండి. అమ్మ దాని మీద పాల లెక్క రాస్తుంది, గ్యాసు బండ వచ్చిన రోజు రాస్తుంది. నాన్న మొదటి వాన పడిన రోజుకు సున్నా చుడతాడు. డిసెంబరు వెళ్ళగానే ఆ కాగితం మీ లెక్కల పుస్తకానికి అట్ట అవుతుంది! ఫోను క్యాలెండరుకు ఆ గతి పట్టదు. అయిదేళ్ళ కిందటి గడి కూడా అలాగే ఉంటుంది. పైగా వెతికితే దొరుకుతుంది.

అడవి అంచున ఉన్న మీకు రాయడానికి కొదవ ఏముంది? మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. ఇంటి దగ్గరి ఒక్క చెట్టును ఎంచుకుని, మొదటి పువ్వు రాలిన రోజున “ఇప్ప – బావి దగ్గరి చెట్టు” అని రాయండి. “రోజంతా” అన్నది ఎంచుకోండి. ఏటా అదే మాటతో మొదలుపెట్టండి. కొన్నేళ్ళ తరువాత “ఇప్ప” అని వెతికితే ఆ తేదీలన్నీ వరుసగా కనిపిస్తాయి. తునికాకుకూ అంతే. కొమ్మలు కొట్టిన రోజు రాసుకుంటే, లేత ఆకు కోతకు ఎన్నాళ్ళు పట్టిందో మీరే లెక్కకట్టవచ్చు. సిగ్నలు లేని గూడెంలోనూ రాయవచ్చు.

ఇదంతా దేనికి అంటారా? జపానులోని క్యోటో నగరంలో రాజాస్థానంవారూ, సన్యాసులూ చెర్రీ పూలు విచ్చిన రోజులను తమ దినచర్యల్లో రాసుకున్నారు. 9వ శతాబ్దం నుంచీ అలా రాసినవి నిలిచి ఉన్నాయి. వాతావరణం గురించి వారికి ఏ ఆలోచనా లేదు, పూల వేడుక కోసం రాసుకున్నారు. 2021 మార్చి 26న అక్కడ పూలు నిండుగా పూసినప్పుడు, 1200 ఏళ్ళలో ఇంత తొందరగా పూయడం ఇదే మొదటిసారి అని శాస్త్రజ్ఞులు చెప్పగలిగింది ఆ రాతల వల్లనే.

గోదావరి సంగతి చూద్దాం. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. ఇవన్నీ అధికారులు రాసి పెట్టినవే. కాని మీ ఊరి వాగు ఏ రోజున పొంగింది, దారి ఎన్నాళ్ళు మూసుకుపోయింది, బడి ఎన్ని రోజులు పోయింది? ఇది ఎవరు రాస్తారు? మీరు నాలుగేళ్ళు రాస్తే, వాగు సాధారణంగా ఏ రోజుల్లో దారి మూస్తుందో కొంత తెలుస్తుంది. అప్పుడు ఆ రోజులకు పది రోజుల ముందు ఫోనును మోగించమనండి: “బియ్యం, మందులు తెచ్చుకోవాలి”. నెలలు నిండుతున్న అక్క ఇంట్లో ఉంటే ఆ పది రోజుల విలువ మీకు వేరే చెప్పనక్కరలేదు. అయితే నాలుగేళ్ళ రాతను శాసనం అనుకోకండి. వాన ఏ ఏటికాఏడు తన దారి తనది. హెచ్చరికలు వినడం మానవద్దు.

ఫోను పోతే? మంచి ప్రశ్నే. ఖాతాతో జతచేస్తే సిగ్నలు అందినప్పుడు రాతలు మరోచోట కూడా భద్రమవుతాయి. అది తెలియకపోతే ఏడాదికొకసారి నోటుపుస్తకంలోకి ఎక్కించండి. చాలా ఇళ్ళల్లో ఉన్నది ఒకే ఫోను, అదీ నాన్నదే. రోజుకు ఒక్క నిమిషం అడిగితే ఏ నాన్నా కాదనడు.

నవమిని ఇప్పుడు నేను ఏటా పంచాంగం చూసి రాసుకుంటున్నాను. 2023 మార్చి 30 గడిని మాత్రం చెరపలేదు. దాని కింద ఇంకొక మాట చేర్చాను: “ఇప్ప – తిరుగు ప్రయాణంలో దారి పక్కన పువ్వు ఏరుతున్నారు.”