"ఇంట్ల అడగబుద్ధి కాలే"

తమ్మీ, చెల్లె,

2024 డిసెంబర్ 31 రాత్రి యాది ఉందా? కొత్త సంవత్సరం ఇంకా రాలే. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో సంతోష్ ట్రోఫీ ఫైనల్. ఒక దిక్కు కేరళ, ఒక దిక్కు పశ్చిమ బెంగాల్. తొంభై నిమిషాలు గడిచినా గోల్ లేదు. ఇంజూరీ టైంలో రోబి హన్స్‌దా కొట్టిండు. బెంగాల్ 1-0తో గెలిచి 33వసారి కప్పు ఎత్తింది. ఆ టోర్నీలో 12 గోల్స్‌తో అందరికంటే పైన నిలిచింది కూడా ఆ పిలగాడే. పూర్వ బర్ధమాన్ జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చిన సంతాల్ బిడ్డ.

ఒక ఆదివాసీ పిలగాడు కొట్టిన ఆ గోల్ ఎక్కడో కోల్‌కతాలో పడలేదు. మన కోట్‌పల్లిలో పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం కల్లా చేరే చోట పడింది. అయినా మన తండాల పిలగాళ్లు దాన్ని ఫోన్‌లనే చూసిండ్రు. "ఎందుకు పోలేరా?" అని అడిగిన. డిగ్రీ అయిపోయి రెండేండ్ల సంది ఖాళీగా ఉన్న ఒక తమ్ముడు నేల చూసుకుంట అన్నడు: "ఇంట్ల అడగబుద్ధి కాలే అన్నా."

టికెట్ ఎంతో కూడా వాడు కనుక్కోలేదు. లెక్క బస్సు కిరాయి దగ్గరనే ఆగిపోయింది. అమ్మ కంది చేన్ల కూలికి పోయి తెచ్చిన పైసల్లోంచి ఆట చూసేందుకు అడగడమా? పని లేనోడికి మొదట పోయేది పైసలు కాదు, అడిగే ధైర్యం. ఆ తర్వాత దోస్తులు పోతరు. ఆ తర్వాత బయటికి పోవుడే బందయితది. ఇది నీకు నేను చెప్పాల్సిన పని లేదు, నీకే ఎక్కువ తెలుసు.

అందుకే ఈరోజు ఒక చిన్న డిమాండ్ గురించి రాస్తున్న. పని లేని యువతకు ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్ తక్కువ ధరకు ఇయ్యాలె. నవ్వొచ్చిందా? భూమి పట్టాలు, ఉద్యోగ నోటిఫికేషన్లు, హాస్టల్ బిల్లులు ఇన్ని ఉండంగ ఫుట్‌బాల్ టికెట్ ఏందని? జర ఓపిక పట్టి చదువు.

ఇది నేను కలగని చెప్తున్న ముచ్చట కాదు. జర్మనీలో చాలా క్లబ్బుల టికెట్ల పట్టికలో విద్యార్థులు, పింఛనుదారులు, వికలాంగుల పక్కనే పని లేనివాళ్లకూ తగ్గింపు ధర రాసి ఉంటది. అక్కడ చాలావరకు క్లబ్బులో ఓటు బలం సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. ధర పెంచాలంటే అభిమాని మొహం చూడక తప్పదు.

ఇంగ్లండ్‌లో అట్లా లేదు, అక్కడ కొట్లాడిండ్రు. 2016 ఫిబ్రవరి 6న లివర్‌పూల్, సండర్లాండ్ మ్యాచ్ నడుస్తుంటే 77వ నిమిషంలో వేలమంది అభిమానులు లేచి బయటికి నడిచిండ్రు. 77వ నిమిషమే ఎందుకు? క్లబ్బు పెట్టబోయిన కొత్త టికెట్ ధర 77 పౌండ్లు కాబట్టి. కొన్ని రోజులకే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నరు. 2016-17 సీజన్ నుంచి ప్రీమియర్ లీగ్‌లో బయటి ఊరి జట్టు అభిమానుల టికెట్ 30 పౌండ్లు దాటొద్దని నియమం వచ్చింది. అంటే ధర దేవుడు రాసింది కాదు. మనుషులు పెడతరు, గట్టిగా అడిగితే మనుషులే దించుతరు.

2022లో ఖతార్ ప్రపంచ కప్ జరిగింది. మన జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి ఎందరో కూలికి పోయిన దేశం అది. అక్కడ నివాసం ఉంటున్నవాళ్ల కోసం 40 రియాళ్ల టికెట్ విడిగా పెట్టిండ్రు. ఆ కూలీలు పడిన బాధలకు అది పరిహారం కాదు, ఆ పేరు చెప్పి ఎవరినీ మెచ్చుకోవద్దు. కానీ ఒకటి రుజువైంది. ప్రపంచంలోనే అతి ఖరీదైన ఆటలో కూడా, పెట్టాలనుకుంటే చిన్న ధర పెట్టొచ్చు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. "ఎవడు నిరుద్యోగి అని ఎట్లా తెలుస్తది? అందరూ అదే చెప్తరు" అంటరు. మన రాష్ట్రం ఆ సంగతి ఎప్పుడో తేల్చింది. పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్ పరీక్షలకు అప్లై చేసినవా? నిరుద్యోగినని ప్రకటిస్తే పరీక్ష ఫీజు మాఫీ. ఉద్యోగ పరీక్షకు నమ్మిన మాటను ఆట టికెట్‌కు ఎందుకు నమ్మరు? ఇంటర్వ్యూకు పోయే నిరుద్యోగికి రైలు టికెట్‌లో రాయితీ ఉండె. 2020 మార్చిలో చాలా రాయితీలతో పాటు దాన్నీ ఆపేసిండ్రు. 2023 డిసెంబర్ 9 నుంచి మన ఆడబిడ్డలకు ఆర్టీసీ బస్సు ఫ్రీ. రాయితీ అన్నమాట మనకు కొత్త కాదు. స్టేడియం గేటు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కొత్తయితది?

"క్లబ్బులకు నష్టం కదా" అనే మాట కూడా వస్తది. ఖాళీ కుర్చీకి ఎవడు పైసలిస్తున్నడు? మ్యాచ్ అయిపోయినంక ఆ సీటు విలువ సున్నా. సగం ధరకు ఒక పిలగాడు కూసుంటే సగం ధర వస్తది, అరుపు ఫ్రీగా వస్తది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ కప్పు గెలిచింది. 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. దాని వెనక డబ్బు ఇబ్బందులు, యాజమాన్యం మారుడు, చాలా ఉన్నయి. కానీ ఒక్కటి ఆలోచించు. ఒక జట్టు ఊరు విడిచి పోతుంటే ఊరు మొత్తం రోడ్డెక్కాలంటే, ఊరు మొత్తం ఒక్కసారన్నా ఆ గ్యాలరీలో కూసోని ఉండాలె. లోపలికి అడుగు పెట్టనోడు దేనికోసం ఏడుస్తడు?

ఇగ మనోళ్లే అడిగే ప్రశ్న: "ముందు కొలువు, తర్వాత ఆట." ఈ మాటలో న్యాయం ఉంది. కానీ కొలువు వచ్చేదాకా మనిషి బతుకు ఆగిపోవాల్నా? కొలువు లేనోడికి పాట వద్దు, పండుగ వద్దు, ఆట వద్దు అంటే, కొలువు ఉన్నోడే మనిషి అని మనమే ఒప్పుకున్నట్టు. సంతోష్ ట్రోఫీ గెలిచిన జట్టుకు బెంగాల్ ప్రభుత్వం ఉద్యోగాలు ప్రకటించింది. మన నిజామాబాద్ తండా బిడ్డ గుగులోత్ సౌమ్య దేశం జట్టుకు ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు కూడా ఆడింది. మనోళ్ల కాళ్లలో ఆట ఉందని రుజువు అయ్యింది. ఆడేందుకు మనం కావాలె, చూసేందుకు మాత్రం మనకు జాగా లేదా? మైదానంలో మన పేరుండి గ్యాలరీలో మన మొహం లేకపోతే అది సగం గౌరవమే.

ఆదివారం వస్తే పట్నం కార్లు మన కోట్‌పల్లి ప్రాజెక్టు కాడికి బారులు కడతయి. కయాకింగ్ చేస్తరు, ఫోటోలు దిగుతరు. రానీ, మంచిదే. మన నీళ్ల కాడికి వాళ్లు సంబురంగా వస్తున్నప్పుడు, ఆ స్టేడియానికి పోవాలంటే మనకెందుకు జంకు? అది పట్నమోళ్ల సొంతం కూడా కాదు. 2002 జాతీయ క్రీడల కోసం, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల కోసం ప్రజల సొమ్ముతో కట్టింది. అందులో నువ్వు కొన్న సబ్బు మీది పన్ను కూడా ఉంది.

కాబట్టి అడిగేది స్పష్టంగా అడుగుదాం. ప్రభుత్వ స్టేడియాన్ని మ్యాచ్‌కు ఇచ్చేటప్పుడే ఒప్పందంలో షరతు పెట్టాలె: ఇన్ని సీట్లు పని లేనివాళ్లకు తక్కువ ధరకు. స్వంత ప్రకటన ఒక్కటి చాలాలె, పదిమంది సంతకాలు అడగొద్దు. ఆన్‌లైన్ బుకింగే కాకుండ కౌంటర్ కూడా ఉండాలె. ముఖ్యంగా విడి లైను వద్దు, విడి గ్యాలరీ వద్దు, టికెట్ మీద "నిరుద్యోగి" అన్న ముద్ర వద్దు. సిగ్గు పెట్టి ఇచ్చే రాయితీ ఎవడూ తీసుకోడు. రాత్రి మ్యాచ్ ఉంటే వికారాబాద్ దాకా తిరిగొచ్చే బస్సు ఉండాలె, లేకపోతే చెల్లెకు ఫ్రీ బస్సు ఉండి కూడా లాభం లేదు.

మొదలు దగ్గర్నుంచే పెట్టొచ్చు. మొయినాబాద్ దగ్గర అజీజ్‌నగర్‌లో డెక్కన్ అరేనా ఉంది. అదే సంతోష్ ట్రోఫీ గ్రూప్ మ్యాచులు అక్కడనే జరిగినయి. శ్రీనిధి డెక్కన్ జట్టు మైదానం అది. చేవెళ్ల మర్రిచెట్ల కింది నుంచి పట్నం పోయే మన బస్సు దాని పక్క నుంచే పోతది. ఇన్నేండ్లు కిటికీలోంచి చూసుకుంట పోయినం.

కోట్‌పల్లి, ధారూర్, పెద్దేముల్, బంట్వారం యూత్ కూసోని ఒక కాగితం రాయండి. ఒక కాపీ రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థకు, ఒకటి ఫుట్‌బాల్ సంఘానికి, ఒకటి మన ఎమ్మెల్యేకు. గ్రామసభలో చదివి తీర్మానం చేయించండి. జవాబు రాకపోతే మళ్లీ రాయండి.

ఆ తమ్ముడు ఇది చదువుతున్నడని నాకు తెలుసు. తమ్మీ, కాగితం మీద మొదటి సంతకం నీదే. ఇంట్ల అడగబుద్ధి కాకపోతే పర్వాలేదు, అమ్మను అడగాల్సిన అవసరమే లేదు. అడగాల్సింది సర్కారును. అక్కడ అడిగేందుకు సిగ్గెందుకు?