పోషణ ఖర్చు సరే, మంచం పక్కన ఎవరు?

తల్లిదండ్రుల్ని చూడని కొడుకుల మీద కేసు పెట్టండని మన సంఘాలు సలహా ఇవ్వడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. అందులో తప్పు లేదు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఆ మేరకు పనికొచ్చేదే. తన సంపాదనతో, ఆస్తితో బతకలేని తల్లి ఆర్డీవో దగ్గర తెల్ల కాగితం మీద దరఖాస్తు ఇవ్వొచ్చు. కోర్టు ఫీజుల బాధ లేదు. 17వ సెక్షన్ వకీళ్లను గుమ్మం బయటే ఉంచింది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని కూడా చట్టంలో ఉంది. ఆఫీసుల్లో అలా జరగదన్న సంగతి ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

నా తగాదా అక్కడ కాదు. ఈ చట్టం మీద మనం పెట్టుకునే సభల్లో అసలు ప్రశ్న ఒకటి తప్పిపోతోంది. కొడుకు డబ్బు కట్టాడనే అనుకుందాం. పక్షవాతంతో పడిపోయిన మనిషిని పొద్దున్నే లేపి, ఒళ్లు తుడిచి, పక్కబట్టలు మార్చి, నోట్లో ముద్ద పెట్టి, రాత్రి రెండుసార్లు పక్కకు తిప్పి పడుకోబెట్టేదెవరు?

చట్టం ఈ పనిని పేరు పెట్టి కూడా పిలవదు. పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని 2వ సెక్షన్ లెక్క చెప్పి ఊరుకుంది. వీటన్నిటికీ కలిపి నెలకు 10,000 రూపాయలకు మించి ఇప్పించకూడదని 9వ సెక్షన్ గీత గీసింది. ఈ గీత 2007 నాటిది. పట్నంలో ఇరవై నాలుగు గంటలూ ఉండే ఆయాను ఏజెన్సీ ద్వారా పెట్టుకుంటే ఆ డబ్బు ఆమె జీతానికే చాలదు. మందులు, బియ్యం సంగతి తర్వాత. మరి ఈ చట్టం ఎలా నడుస్తోంది? ఆయా పనిని ఇంట్లో ఎవరో జీతం లేకుండా చేస్తారన్న భరోసా మీద నడుస్తోంది.

ఆ ఎవరో ఎవరో నేను ఒక ఆర్డీవో ఆఫీసు వరండాలో చూశాను. డెబ్బై ఏళ్ల తల్లి కొడుకు మీద దరఖాస్తు పెట్టింది. ఆమెను ఆటోలో ఎక్కించి, చంకలో చెయ్యేసి మెట్లెక్కించి తీసుకొచ్చింది ఆ కొడుకు భార్యే. నెలకు నాలుగు వేలిస్తానని కొడుకు ఒప్పుకున్నాడు. "డబ్బుదేముంది బాబూ, నన్ను లేపి కూచోబెట్టేది ఈ పిల్లే గదా" అంది పెద్దామె. అధికారి కోడలివైపు తిరిగి, "అత్తగార్ని బాగా చూసుకో అమ్మా, పుణ్యముంటుంది" అన్నాడు. ఈవిడ కోసమే ఆమె బట్టలు కుట్టే షాపులో పని మానేసింది. ఆర్డరు కాగితంలో ఆమె పేరు లేదు. పుణ్యం ఆమెకు, రసీదు కొడుక్కి.

2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు 10,000 పరిమితిని ఎత్తేసింది. ఇళ్లకొచ్చి చేసే సేవల ఏజెన్సీలకు నియమాలు పెట్టాలంది. ఈ రెంటినీ నేను కాదనను. కానీ "పిల్లలు" అన్న మాటలో కోడలిని, అల్లుడిని కూడా చేర్చింది. ఆ బిల్లు 2024లో 17వ లోక్‌సభతోపాటే రద్దయిపోయింది. అయితే ఆ ఆలోచన రద్దు కాలేదు. మనలోనే కొందరు, "మంచిదే కదా, కోడలు కూడా బాధ్యురాలవుతుంది" అంటున్నారు. నేను దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. తనకంటూ ఆదాయం లేని, అత్తింటి ఆస్తిలో చిల్లిగవ్వ వాటా లేని స్త్రీని చట్టంలో బాకీదారును చేస్తే ఆమె ఆ బాకీ దేనితో తీరుస్తుంది? ఒళ్లు వంచి తీరుస్తుంది. ఇప్పుడు ఆచారంగా చేస్తున్న చాకిరీ రేపు కోర్టు ఆజ్ఞ అవుతుంది. అల్లుణ్ణి కూడా కలిపారు కదా అనేవాళ్లు, మామగారికి బెడ్‌పాన్ పెట్టే అల్లుణ్ణి ఎక్కడైనా చూస్తే నాకు కబురు చెయ్యండి.

కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. 15 నుంచి 59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల సంరక్షణ పని చేస్తున్నారు. మగవాళ్లలో 21.4 శాతం మందే. చేసేవాళ్లలో కూడా స్త్రీలు రోజుకు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు. ఇది పిల్లలు, పెద్దలు అందర్నీ కలిపిన లెక్క. వంట, అంట్లు, బట్టలు ఇందులో లేవు, వాటి లెక్క వేరు.

బాధ్యత విషయంలో ఈ దేశంలో న్యాయస్థానాలు స్త్రీలకు సమానత్వాన్ని తొందరగానే ఇచ్చాయి. పెళ్లయిన కూతురు కూడా తండ్రిని పోషించాల్సిందేనని, ఒక డాక్టరు కేసులో సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా దేశమంతటా రావడానికి మాత్రం 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1980ల మధ్యలోనే ఆ హక్కు ఇచ్చారు, నిజమే. అదీ అప్పటికి పెళ్లి కానివాళ్లకే. ఆ తర్వాత "అన్నదమ్ములతో తగువెందుకు" అని ఎంతమంది ఆడపిల్లలు హక్కు వదులుకుంటూ సంతకాలు పెట్టారో మనందరి ఇళ్లలోనూ తెలుసు.

ఇంకో ప్రమాదం ఇల్లు. వయోవృద్ధుల చట్టం కింద కోడలిని ఇంట్లోంచి వెళ్లగొట్టే ఎత్తుగడ బాగా ముదిరింది. కొడుకు కొన్న స్థలం తండ్రికి అమ్మినట్టు, తండ్రి దాన్ని తల్లికి గిఫ్టు రాసినట్టు కాగితాలు. విడాకుల గొడవ నడుస్తుండగా కోడలిని ఖాళీ చేయించమని అత్తగారి పేరుతో దరఖాస్తు. కర్ణాటక నుంచి వచ్చిన ఇలాంటి కేసులో 2020 డిసెంబరు 15న సుప్రీంకోర్టు, 2005 నాటి గృహహింస చట్టం ఇచ్చిన నివాస హక్కును ఈ దారిన తీసెయ్యడానికి వీల్లేదంది. ఈ తీర్పు నకలు ప్రతి సంఘం ఆఫీసులోనూ ఉండాలి. ఇక్కడ అత్తను దోషిగా నిలబెట్టడం నాకిష్టం లేదు. ఆమె కూడా తిండికి, నీడకు ఇతరుల మీద ఆధారపడ్డ మనిషే. ఇద్దరాడవాళ్లు ఒకే గుమ్మం కోసం కొట్టుకుంటుంటే ఇద్దరికీ బాకీ పడ్డ మగవాడు కేసులో కనపడకుండా పోతున్నాడు.

ఆస్తి ఉన్న తల్లులకు మాత్రం ఒక మాట కచ్చితంగా చెప్పాలి. పిల్లలకు గిఫ్టు డీడు రాస్తే, "నా కనీస అవసరాలు చూడాలి, చూడకపోతే ఇది చెల్లదు" అన్న షరతు అదే పత్రంలో రాయించండి. 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ దాన్ని రద్దు చెయ్యొచ్చు. షరతు లేకపోతే రద్దు కుదరదని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో కొంత ఉదారంగా చూసి, ఆస్తి ఆమెకు తిరిగి ఇప్పించింది. అయినా న్యాయమూర్తి ఉదారత మీద ముసలితనాన్ని పందెం కాయకండి. వీలునామా రాస్తే చాలన్నప్పుడు గిఫ్టు డీడే రాయొద్దు.

కానీ ఇదంతా కాగితం మీద పేరున్నవాళ్లకు. పిల్లలు లేని వృద్ధురాలిని "బంధువు" పోషించాలంటుంది చట్టం. ఎవరా బంధువు? ఆమె ఆస్తిని అనుభవిస్తున్న లేదా రేపు పొందబోయే వారసుడు. ఆస్తి లేని ఒంటరి స్త్రీకి చట్టం దృష్టిలో బంధువే లేడు. జిల్లాకొక వృద్ధాశ్రమం మాటేమిటంటే, 19వ సెక్షన్ ప్రభుత్వం నెలకొల్పవచ్చు అంటుంది, నెలకొల్పి తీరాలి అనదు.

ఇక ప్రభుత్వం చేతిలోంచి వచ్చేది ఎంత? కేంద్రం వృద్ధాప్య పింఛనులో తన వాటాగా 60 నుంచి 79 ఏళ్లవాళ్లకు 200 రూపాయలు, 80 దాటితే 500 అని పెట్టింది. తెలంగాణలో 2019లో ఆసరాను 2,016 చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. ఈ పదిహేను వేలు మామూలు విషయం కాదు. మంచాన పడ్డ మనిషికి మనిషి సాయం కావాలని ఒక ప్రభుత్వం లెక్కలో ఒప్పుకోవడమిది. అయితే చేసే మనిషికి అందులో పైసా హక్కు లేదు. 2024 అక్టోబరులో 70 దాటినవాళ్లందరికీ అని చెప్పి తెచ్చిన ఆయుష్మాన్ కార్డు 5 లక్షలదాకా ఇస్తుంది, ఆస్పత్రిలో చేర్చితేనే. డిశ్చార్జి చేసి ఇంటికి పంపించిన రోజు నుంచి అసలు పని మొదలవుతుంది, అక్కడికి ఆ కార్డు రాదు.

జర్మనీలో 1995లో సంరక్షణ బీమా వచ్చింది. ఇంట్లో చూసుకునే మనిషి పేరున ఆ నిధి నుంచే పింఛను చందా కడతారు. జపాన్‌లో 2000 ఏప్రిల్‌లో వచ్చింది. నలభై దాటినవాళ్లంతా చందా కడతారు, సగం ఖర్చు పన్నుల నుంచి వస్తుంది. కుటుంబానికి నగదు ఇద్దామా, మనుషుల్ని పంపుదామా అని అక్కడ పెద్ద చర్చ జరిగింది. హిగుచి కెయికో లాంటి స్త్రీవాదులు నగదు వద్దన్నారు. ఆ డబ్బు చూపించి కోడలిని మళ్లీ మంచానికి కట్టేస్తారని వాళ్ల భయం. ప్రభుత్వం చివరికి సేవలే ఇచ్చింది, నగదు ఇవ్వలేదు.

మనకు ఏది కావాలో మనం ఇంతవరకు చర్చించుకోలేదు. నేను జపాన్ స్త్రీల వైపే. ఇంటికొచ్చే శిక్షణ పొందిన మనిషి కావాలి. కేరళ 2008లోనే పాలియేటివ్ విధానం ప్రకటించి స్థానిక సంస్థల ద్వారా నర్సుల్ని ఇళ్లకు పంపింది. తెలంగాణ జిల్లా కేంద్రాలలో "ఆలన" వాహనాలు ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాయి. కాన్సరు చివరి దశకే కాకుండా, మంచాన పడ్డ ప్రతి ఒక్కరికీ ఆ సేవ విస్తరించమని అడగొచ్చు. ఒక్క షరతు. 2005లో ఆశా కార్యకర్తల్ని స్వచ్ఛంద సేవకులని పిలిచి, జీతం బదులు ప్రోత్సాహకం చేతిలో పెట్టినట్టు, ఈ పనికీ ఇంకో పేద స్త్రీని గౌరవ వేతనం మీద దించితే ఒప్పుకోవద్దు. కోడలి చాకిరీని తీసి ఆయా నెత్తిన పెట్టడానికి కాదు మనం అడిగేది.

ఈలోగా దరఖాస్తులు రాసిపెట్టేది మనమే కాబట్టి, వాటిలో ఒక పేరా చేర్చుదాం. ఈ మనిషిని రోజుకు ఎన్ని గంటలు ఎవరు చూస్తున్నారు, అందుకోసం ఆమె ఏ పని మానుకుంది, ఆయాను పెడితే నెలకు ఎంతవుతుంది అని అందులో రాద్దాం. కొడుకు కట్టేదాంట్లో ఆ మొత్తాన్ని విడిగా చూపించమని, చూస్తున్న మనిషి పేరు ఆర్డరులో రాయమని ఆర్డీవోని అడుగుదాం. చట్టంలో అలా లేదంటారు. రాయకూడదనీ ఎక్కడా లేదు.